వయస్సును సంగీతాభిరుచియు

పసివారికి జోల, పడుచువారికి సినిమాపాట, ముదుసళ్లకు కీర్తన: ఈ వరుస మన యిండ్లలో చాలకాలముగా సిద్ధాంతమువలె చెల్లుచున్నది. మనుష్యుడు పెరిగినకొలది వాని సంగీతాభిరుచియు పెరుగుననియు, క్రింది మెట్టునుండి పై మెట్టున కెక్కుచు పోవుననియు, అఱువదియేండ్లు వచ్చునప్పటికి లౌకికమైన పాటలపై విరక్తి గలిగి భక్తిసంగీతమున స్థిరపడుననియు పెద్దలు చెప్పుదురు. పిన్నలు నవ్వుచునైనను దీనిని కాదనరు. మేమును చిరకాలము ఈ మాటను నమ్మినవారమే. ఈ వ్యాసమున ఆ నమ్మకమును విమర్శింప దలచితిమి. ఏలయన, అది యొక నిజమును చెప్పుచు, దాని చాటున మఱియొక నిజమును దాచుచున్నదని మాకు తోచినది.

మాకీ యనుమానమును కలిగించినవారు పండితులు కారు. మిర్యాలగూడలో మేమెఱిగిన యొక గృహమునందలి ముసలమ్మ. ఆమె పుట్టినది సూర్యాపేట చెంతనున్న యొక పల్లె, మెట్టినది మిర్యాలగూడ, కూతునిచ్చినది కోదాడకు. ఇప్పుడామెకు డెబ్బదియైదేండ్లు. శనివారము తప్పక వీధిలోని స్త్రీలతో భజనకు పోయి, అందఱికంటె ముందు గొంతెత్తి పాడును. గడచిన దసరా దినములలో మేమా యింటికి పోయినప్పుడు ఆమె కుమారుడు, "చిన్నప్పుడు అమ్మ నాట్ల పాటలు, సినిమా పాటలు బాగా పాడేదట. ఇప్పుడు కీర్తన తప్ప వేరే ముచ్చట లేదు. వయసుతోటి రుచి పండింది" అని గర్వముగా చెప్పెను. మేమును తల యూపి, పండుట యనగా నిదియే యంటిమి. ఆమె గడపదగ్గఱ కూర్చుండి తంగేడుపూల కాడలు సరిచేయుచు, తల యెత్తకయే, "రుచి పండలేదు బిడ్డా, వయసు పండింది. ఇప్పుడు నేను గొంతెత్తితే అనేటోళ్లు ఎవ్వరు లేరు" అనెను.

ఆ మాట మమ్ము ఊరకుండ నీయలేదు. అడుగగా అడుగగా ఆమె చెప్పిన సంగతి యిది. పుట్టినింట చెఱువు క్రింద పొలముండెను. నాట్లకు వచ్చిన కూలిస్త్రీలు వంగి నాటువేయుచు పాడిన పాటలను ఆమె పదేండ్ల వయస్సున గట్టుపై నిలిచి నేర్చెను. ఒకరు పాట యెత్తగా తక్కినవారందుకొను తీరు ఆమెకు నేటికిని జ్ఞాపకమే. పొరుగింటి రేడియోలో వచ్చు సినిమాపాటలను, అందును 1951 నాటి 'మల్లీశ్వరి' పాటలను, రెండుమాఱులు విన్న మాత్రమున పట్టుకొనెడిది. పదునాఱవయేట, 1966లో, కాపురమునకు వచ్చెను. వచ్చిన నెలలోనే ఒక యుదయమున వాకిలి ఊడ్చుచు కూనిరాగము తీయగా అత్తగారు విని, "ఇంటి కోడలు రాగాలు తీస్తే బజారు ఏమంటది?" అనిరి. రెండవమాట యనవలసిన యవసరము వారికి కలుగలేదు. మఱుసటి సంవత్సరము, 1967లో, నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిరి. కొలదియేండ్లలో మిర్యాలగూడ చుట్టునున్న మెట్టపొలములు మాగాణులయ్యెను. ఆమె చిన్ననాడు నేర్చిన నాట్లపాటలు ఊరి పొలిమేఱకే వచ్చెను. ఆమె మాత్రము ఇల్లు దాటలేదు.

ఆ యింట మగవారి కీ నిషేధము లేదు. ఆమె భర్త అంగడిలో కూర్చుండి 1953 నాటి 'దేవదాసు' పాటలు పాడుకొనుచుండినను బజారేమియు ననలేదు. ఆమెకు మిగిలినవి రెండు: పసిపిల్లలకు జోల; ఏటికి తొమ్మిది దినములు బతుకమ్మ, అదియును గుంపులో గొంతు కలుపునంతవఱకు. అత్తగారు గతించి, మనుమలు పుట్టి, తల నెఱసిన పిమ్మట భజనకు పిలుపు వచ్చెను. ఎవ్వరును అడ్డుచెప్పలేదు. "పాడనిచ్చిన కాడ పాడుకుంటున్న. రామదాసు కీర్తనలు నాకు ఇష్టమే. కాని నాటు పాట మర్చిపోయిన అని ఎవరు చెప్పిండ్రు?" అని ఆమె నవ్వెను.

పాఠకులు మమ్ము మన్నింతురు గాక. ఒక్క యింటి కథతో లోకమున కంతటికి సూత్రము కట్టుట మా యుద్దేశము కాదు. కాని ఆమె మాటలో ఒక విమర్శసూత్రము కలదు. ఒకనికి ఫలానా వయస్సున ఫలానా సంగీతము ప్రియమని మనము చెప్పునప్పుడు రెండు వేఱువేఱు సంగతులను ఒక్కటిగా కలుపుచున్నాము. ఒకటి యిష్టము, రెండవది అనుమతి. ఇష్టము లోపలినుండి పుట్టును. అనుమతిని ఇల్లు, వాడ, కులము, ఆచారము ఇచ్చును. బయటివారికి కనబడునది ఈ రెండింటి మొత్తము మాత్రమే. ఆ మొత్తమును చూచి దాని కంతటికి 'పరిణతి' యని పేరు పెట్టుటలోనే పొరపాటున్నది.

ఇష్టమునుగూర్చి శాస్త్రజ్ఞులు కొంత పరిశోధించి యున్నారు. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అను అమెరికా పండితులు, పెక్కు సంవత్సరములనాటి ప్రసిద్ధగీతములను వేఱువేఱు వయస్సులవారికి వినిపించి, ఎవరికే కాలపు పాట ప్రియమో లెక్కకట్టిరి. శ్రోతకు సుమారు ఇరువదిమూడు, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున ప్రచారములో నున్న పాటలపైననే మక్కువ మిక్కిలి యధికమని వారి లెక్కలో తేలెను. 2013లో క్రంహాన్సల్, జుప్నిక్ అనువారు కళాశాల విద్యార్థులను పరీక్షింపగా, ఆ పిల్లలు తమ తలిదండ్రుల యౌవనకాలపు పాటలను సైతము ఎక్కువగా గుర్తించి ప్రేమించుట కనబడెను. ఇంట మ్రోగిన పాట పిల్లవాని చెవిలో వానికి తెలియకుండనే నిలిచిపోవునని దీనివలన ఊహింపవచ్చును. అదే సంవత్సరము 2,50,000 మందికి పైగా జనుల యభిరుచులను పరిశీలించిన మఱియొక పరిశోధనలో, కౌమారమున తీవ్రమైన ధ్వనిగల సంగీతముపై నుండు మోజు వయస్సుతో తగ్గుననియు, నడివయస్సునుండి శాస్త్రీయసంగీతము వంటివానిపై ప్రీతి పెరుగుననియు తెలిసినది.

కావున పెద్దల మాటలో నిజము లేకపోలేదు. వయస్సుతో చెవి మాఱును. నెమ్మదియైన కాలము, నిలుకడగల స్వరము నడివయస్సున హితమగును. యౌవనమున విన్నది చివఱివఱకు వెన్నంటును. కాని ఈ లెక్కలు కోరిన పాట వినుటకును, వలదనుకొన్న పాట మానుటకును కొంత స్వాతంత్ర్యము గలవారినుండి వచ్చినవి. మా మిర్యాలగూడ ముసలమ్మ నడిగినచో వారి పట్టికలో ఆమె 'భక్తిసంగీతము' అను గడిలో చేరియుండెడిది. గట్టుమీద నిలిచిన పదేండ్ల బాలిక ఏ గడిలోను చేరియుండెడిది కాదు.

ఇక ఈ సీమ చరిత్రనే సాక్ష్యముగా పిలుతము. మెట్లసిద్ధాంతము నిజమైనచో, నల్లగొండ ప్రాంతమున ముసలివారందఱకును కీర్తనయే పరమప్రియము కావలయును. అట్లు కాలేదు. 1941లో కోదాడకు చేరువనున్న చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగెను. అది మొదలు 1951లో సాయుధపోరాటము ముగియువఱకు ఈ పల్లెలలో యౌవనమున నున్నవారికి వెట్టినిగూర్చి, దొరనుగూర్చి, భూమినిగూర్చి పాడిన పాటలే చెవినిండ వినబడినవి. ఆ తరమువారిలో పెక్కుమంది ఎనుబదేండ్లు దాటిన పిమ్మటను, ఆ పాట వినబడగానే నడుము నిలిపి కూర్చుండుటను మేమెఱుగుదుము. వారు శిఖరమునకు చేరలేదందుమా? లేక శిఖరమే వేఱొకచోట నున్నదందుమా?

ఆ పాటల పుట్టుకయు విచారింపదగినదే. 1931లో నేటి సూర్యాపేట జిల్లాలోని కర్విరాల కొత్తగూడెమున భూస్వాముల యింట పుట్టిన మల్లు స్వరాజ్యము చిన్నవయస్సుననే పోరాటమున చేరి, ఉయ్యాలపాట బాణీలో ఉద్యమగీతములు పాడి పల్లెస్త్రీలను కదిలించెను. 2022లో ఆమె దివంగతురాలయ్యెను. బతుకమ్మచుట్టు తిరుగుచు స్త్రీలు పాడుకొను బాణీ అది. తొమ్మిది దినములకు మాత్రమే అనుమతింపబడిన స్వరమును ఆమె సంవత్సరము పొడుగునకు తీసికొనెను. బాణీ మాఱలేదు, పాడుట కనుమతి ఎవరిచ్చిరను ప్రశ్న మాఱెను. మా ముసలమ్మకు లేకపోయినది కంఠము కాదని దీనివలన స్పష్టము.

మఱియొక దృష్టాంతము. బండి యాదగిరి రచించిన 'బండెనక బండి గట్టి' యను పాటను 1947 ప్రాంతమున పదేండ్ల బాలుడొకడు సూర్యాపేట పల్లెలో విన్నాడనుకొందము. అప్పుడది తలుపులు మూసికొని వినవలసిన పాట. వినుటలో భయము గలదు. 1980లో గౌతమ్ ఘోష్ దర్శకత్వమున వచ్చిన 'మా భూమి' చలనచిత్రమున గద్దరు కంఠమున దానినే మఱల విన్ననాటికి ఆ బాలునికి నలువదిమూడేండ్లు, అప్పుడది జ్ఞాపకము. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడు నాటికి, ఎన్నియో సభావేదికలపై దానిని విన్నవానికి డెబ్బదియేడేండ్లు, అప్పుడది గర్వము. పాట యొక్కటే, బాణీ యొక్కటే. అభిరుచి మాఱినదందుమా, మాఱలేదందుమా? పాటను విడిచి మఱియొక పాటకు పోవుటయే మార్పు కాదు. ఒకే పాటలో వయస్సుతోపాటు క్రొత్త యర్థములు వినుటయు మార్పే. రెండవది మొదటిదానికంటె లోతైనదని మా యభిప్రాయము.

అదే 1980లో 'శంకరాభరణము' వచ్చెను. కె. వి. మహదేవన్ సంగీతమున, శాస్త్రీయసంగీతమున క్రమశిక్షణ పొందని యెస్. పి. బాలసుబ్రహ్మణ్యము పాడిన రాగప్రధానమైన పాటలను, సంగీతపాఠము ఎన్నడును వినని జనులు వీథులలో పాడుకొనిరి. అదే చిత్రశాలలలో అదే యేట సుద్దాల హనుమంతు పశులకాపరి బాలునిపై వ్రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' పాటయు 'మా భూమి'లో వినబడెను. ఆనాడు ముప్పదేండ్ల గృహస్థుడు రెండును విని రెండింటిని ప్రేమించియుండవచ్చును. అతడు ఏ మెట్టుమీద నిలిచియున్నాడు? మెట్లసిద్ధాంతము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేదు.

చెవులను మెట్లెక్కింప ప్రభుత్వమే ఒకమాఱు ప్రయత్నించి భంగపడెను. 1952లో కేంద్రమున సమాచారశాఖామాత్యులైన బి. వి. కేస్కర్, జనుల యభిరుచిని శాస్త్రీయసంగీతమువైపు త్రిప్పదలచి, ఆకాశవాణిలో సినిమాపాటలకు తావు లేకుండ జేసిరి. జనులు శాస్త్రీయసంగీతమునకు మరలలేదు; రేడియో ముల్లును సిలోనుకు త్రిప్పిరి. తుదకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణియే వివిధభారతిని ప్రారంభించి సినిమాపాటను మఱల ఆహ్వానింపవలసివచ్చెను. హార్మోనియమునకు సైతము 1940లో ఆకాశవాణి ద్వారములు మూసి, 1971 వఱకు తెఱవలేదు. నేడు హార్మోనియము లేని భజన యెక్కడ? ఒకప్పుడు తుచ్ఛమన్న 'మల్లీశ్వరి' నాటి సినిమాపాటలనే నేటి పెద్దలు స్వర్ణయుగమని కొనియాడుచు, మనుమల పాటలను తుచ్ఛమనుచున్నారు. ఒక తరపు దూషణ మఱుతరమునకు భూషణమగుచుండగా, మెట్లెక్కడ నున్నవి?

ఇప్పుడు అనుమతియను రెండవ సంగతికి వత్తము. సూర్యాపేట చెంత దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్లకొకసారి లింగమంతులస్వామి జాతర జరుగును. భేరీల మ్రోత, డప్పు దెబ్బ, గజ్జెల చప్పుడు విని అడుగు కదపని పసిబిడ్డను మేము చూడలేదు. తండ్రి భుజముపై కూర్చున్న మూడేండ్ల బిడ్డకు అది యే కులపు వాద్యమో తెలియదు. లయ మాత్రమే తెలియును. ఆ బిడ్డకే పదునైదేండ్లు వచ్చునప్పటికి, డప్పు మనది కాదనియు, అది చావునకును చాటింపునకును వాయించునదనియు, మనవారు వీణయో వయొలినో నేర్వవలయుననియు ఇల్లు నేర్పియుండును. అప్పుడు వాని యభిరుచి పెరిగినదందురు. పెరుగుట గాదు; ఒక తలుపు మూయబడినది. తెలంగాణ యుద్యమకాలమున డప్పు వేదిక యెక్కెను. ఆ తలుపులు మూసిన యిండ్లవారే చప్పట్లు కొట్టిరి. సంతోషమే. కాని వేదికపై చప్పట్లు కొట్టిన తండ్రులలో ఎందఱు తమ కొమారునికి డప్పు నేర్పింప సిద్ధపడుదురో తమ్ము తామే యడుగుకొందురు గాక.

సంస్కరణవాదులమైన మనయందును ఈ దోషము లేకపోలేదు. వీరేశలింగముగారు 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించి, వేశ్యల మేజువాణులను తీవ్రముగా ఖండించిరి. ధనికుల విలాసమునకై స్త్రీలను దిగజార్చిన ఆచారమును ఖండించుట న్యాయమే. ఆ విషయమున మేము వారి పక్షమే. కాని ఆచారముతోపాటు, ఆ స్త్రీల కంఠములలో తరతరములుగా నిలిచిన పదములును జావళీలును మర్యాదగల యిండ్లకు వినరానివయ్యెను. పాపమును వెడలగొట్టబోయి పాటను వెడలగొట్టితిమి. సంస్కరణము దురాచారమును చూచుటకు కన్ను తెఱచినది. కళను వినుటకు చెవిని మాత్రము కొంత మూసినది. ఈ యప్పును ఒప్పుకొనుట మన కవమానము కాదు.

ఉత్తమమని మనము తలపై పెట్టుకొను వాగ్గేయకారులైనను ఈ మెట్లను పాటింపలేదు. అన్నమాచార్యుడు వేలకొలది సంకీర్తనలు చెప్పుచు జోల, సువ్వి, ఉయ్యాల, గొబ్బి యను స్త్రీల పాటల రూపములను దేవుని సన్నిధికి తెచ్చెను. త్యాగరాజు పంచరత్నములు రచించిన చేతితోనే ఉత్సవసంప్రదాయకీర్తనలలో లాలిపాటలు కూర్చెను. దంచుచు పాడు పాటను, ఊయల యూపుచు పాడు పాటను వారు పసితనపు మెట్టుగా భావింపలేదు. పండితులలోను ఈ యెఱుక ఆలస్యముగానైనను వచ్చెను. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు జానపదగేయసాహిత్యముపై పరిశోధన చేసి, పొలముగట్టుపై పాటకు విద్యాపీఠమున ఆసనము వేయించిరి. విశ్వవిద్యాలయము ఒప్పుకొన్న పాటను ఇంటి కోడలు వాకిటిలో పాడరాదనుట ఎంత విపరీతము!

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. అట్లయిన అన్ని పాటలును సమానములేనా? మంచిచెడ్డల విచక్షణ వలదా? వలయును. విచక్షణ లేనిచోట విమర్శయే లేదు. స్త్రీని వస్తువుగా చూపు పాట యువకుడు పాడినను ముసలివాడు పాడినను నీచమే. ఊరేగింపులలో గుండెలదరునట్లు డీజేలు పెట్టి, వీధిలోని రోగులను పసివారిని బాధించు ధ్వని ఏ పండుగపేర వచ్చినను సంగీతము కాదు. శ్రుతి తప్పిన కీర్తన భక్తిచేత శ్రుతి కాదు. నిర్దుష్టమైన నాట్లపాట బురదచేత అపశ్రుతి కాదు. మేము చెప్పునది యింతమాత్రమే: పాటను స్వరముచేతను, మాటచేతను, అది మనుష్యునియందు మేల్కొలుపు భావముచేతను తూచవలయును, పాడువాని కులముచేతగాని, వినువాని యేండ్లచేతగాని, పాట పుట్టిన చోటుచేతగాని కాదు. అభిరుచి పెరిగినదో లేదో తెలిసికొనుటకు, ఈ మనుష్యుడు ఇప్పుడు ఎంత గొప్ప పాట వినుచున్నాడని యడుగరాదు. నిన్న వినలేని దేనిని నేడు వినగలుగుచున్నాడు, నిన్న ప్రేమించినదానిని తిరస్కరింపకయే క్రొత్తదానిని ప్రేమింప గలుగుచున్నాడా, అని యడుగవలయును.

ఈ కొలతతో చూచినచో నేటి యువతరమును పూర్తిగా దూషింపలేము, పూర్తిగా మెచ్చలేము. కోదాడ బస్టాండున చెవులలో తీగలు పెట్టుకొని కూర్చున్న విద్యార్థి, తన తాత జన్మమంతయు వినని దేశముల సంగీతమును ఒక్క సాయంకాలమున వినగలడు. తాతకు ఆ భాగ్యము లేదు. కాని తాత చెవికి వేఱొక భాగ్యముండెను. రేడియో ఇంటికొక్కటి, కొన్నిచోట్ల వాడకొక్కటి. ఉదయము భక్తిరంజని తల్లికొఱకు, మధ్యాహ్నము సినిమాపాట కూతుకొఱకు, రాత్రి నాటకము తండ్రికొఱకు. ఒకరికొఱకు పెట్టినది అందఱును వినక తప్పలేదు. 1948 డిసెంబరున ప్రారంభమైన విజయవాడ కేంద్రము కోదాడకు చేరువ. హైదరాబాదు కేంద్రము ఈవలి రాజధానిది. ఈ సరిహద్దుటూరివారికి రెండు సీమల పాటలును తమవే యయ్యెను. నేడు ఇంట నలుగురికి నాలుగు ఫోనులు. ఫోనులోని యంత్రలెక్క వాడు నిన్న వినినదానిని బట్టి నేడు వినదగినది వానికి అందించును. ఇష్టమునకు అడ్డు లేదు. కాని యిష్టము కానిది యెదురుపడుటయు అరుదయ్యెను. అత్తగారి మాటవలె ఇది గద్దించి తలుపు మూయదు. తలుపున్నదని తెలియకుండ చేయును. తలిదండ్రుల పాట పిల్లలకు ఆస్తిగా సంక్రమించునని శాస్త్రజ్ఞులు కనిపెట్టినది ఇల్లంతయు కలిసి వినిన కాలపు పిల్లలయందు. ఆ కలయిక పోయినచో ఆ యాస్తి యెట్లు సంక్రమించును?

నాట్లపాట విషయమున ఈ ప్రశ్నకు గడువు తక్కువ. మిర్యాలగూడ, కోదాడ మాగాణులలో కోతలకు యంత్రములు వచ్చినవి, నాట్లకును వచ్చుచున్నవి. వంగిన నడుములకు విశ్రాంతి దొరకుట మేలే. దానికి మేము విచారింపము. కాని పనితో పుట్టిన పాట పనితోనే పోవును, ఎవరైన ఇంట నిలుపుకొన్న దప్ప. పొలమున దానిని పాడిన కూలిస్త్రీల నెవ్వరును అడిగి వ్రాసికొనలేదు. గట్టుపై నిలిచి నేర్చిన యింటిబిడ్డను ఎవ్వరును పాడనీయలేదు. రెండు వైపులను నష్టమే.

గృహస్థులైన పాఠకులకు మా మనవి స్వల్పము. వారమున కొక సాయంకాలము ఫోనులు ప్రక్కన నుంచి, ఇంట ఒక్కొక్కరు తమకు ప్రియమైన యొక్కొక్క పాటను తక్కినవారికి వినిపింతురు గాక. వినువారు ఆ పాట ముగియువఱకు హాస్యమాడకుందురు గాక. ఇంటికి వచ్చిన కోడలు పాడుచున్నచో తలుపు చాటుననుండి కాక ఎదుట కూర్చుండి విందురు గాక. బిడ్డ డప్పు నేర్చెదనన్నచో వీణ నేర్చెదనన్నప్పుడు పడిన సంతోషమే పడుదురు గాక. ముసలివారు కీర్తన పాడునప్పుడు మెచ్చుకొనుటతో తృప్తిపడక, అంతకు మునుపు ఏమి పాడెడివారో అడుగుదురు గాక. ఈ యడుగుటకు ధనము వలదు, పాండిత్యము వలదు.

మేమా దినమున అడిగితిమి. ముసలమ్మ కొంతసేపు కాదని, పిదప మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక నాటుపాట యెత్తెను. మనుమరాలు ఫోనులో దానిని పట్టుచుండెను. కుమారుడు తలుపు కానుకొని నిలిచి వినుచుండెను. యాబదియేండ్లలో తల్లినోట ఆ పాట అతడు వినుట అదే మొదలు. మూడు చరణములు చక్కగా సాగెను. నాలుగవ చరణమున మొదటిమాట వద్ద ఆమె ఆగిపోయెను. రెండుమాఱులు వెనుకనుండి యెత్తుకొని వచ్చెను. అక్కడికి రాగానే మఱల ఆగెను. "అందుకునేటోళ్లు ఉంటే వచ్చేది బిడ్డా. ఇది ఒక్కరు పాడే పాట కాదు" అనెను. అందుకొనుట మాలో నెవ్వరికిని తెలియదు. మనుమరాలు మాత్రము, "మొదటి మూడు నాకు నేర్పు నాయనమ్మా, నేను అందుకుంట" అనెను. ఆ సాయంకాలము మేము బయలుదేఱునప్పటికి వారిద్దఱును రెండవ చరణమున నుండిరి.